కోడింగ్ రాకుండా కోడింగ్ నేర్చుకోవడం ఎలా?

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. మీకు కావలసింది ప్రోగ్రామింగ్ రావడం కాదు. ‘మావాడు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాడు’ అని నలుగురూ అనుకోవడం. ఈ రెండింటికీ తేడా తెలియకనే మన వరంగల్‌లో ఎందరో పిల్లలు చెడిపోయారు, అంటే ఉద్యోగాల్లో చేరిపోయారు. వచ్చేసిందంటే ఇక పని చెయ్యాలి. నేర్చుకుంటున్నంతకాలం మాత్రం ఒక్కరూ పని చెప్పరు. గ్యాస్ సిలిండర్ కోసం తమ్ముణ్ణి పంపుతారు. చాయ్ టేబుల్ దగ్గరికే వస్తుంది. ‘నేర్చుకుంటున్నా’ అన్నది ట్రాన్స్‌ఫర్ లేని, రిటైర్మెంట్ లేని కొలువు.

డిగ్రీ అయిపోయి, నయీంనగర్‌లోనో సుబేదారిలోనో రూము తీసుకొని, ఈఎంఐ మీద లాప్‌టాప్ కొని, సొంతంగా పైథాన్ మొదలుపెట్టి, రెండో నెలకల్లా ‘ఏం ముందుకు పోతలేదన్నా, తల పట్టేసినట్టున్నది’ అనే దశకు చేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ చిట్కాలు. ఆ దశ చాలా అపాయకరమైనది. అక్కడ కాస్త ఓపిక పట్టారా, నిజంగానే వచ్చేస్తుంది. కాబట్టి వెంటనే రంగంలోకి దిగండి.

1. తల బరువెక్కగానే భాష మార్చండి

మొదట పైథాన్ పట్టుకోండి. వేరియబుల్స్, ఇఫ్, ఎల్స్, లూపుల దాకా బండి బాగానే నడుస్తుంది. ఫంక్షన్ల దగ్గర ఆగుతుంది. విలువ లోపలికి ఎట్లా పోతుంది, బయటికి ఎట్లా వస్తుంది, ‘రిటర్న్’కూ ‘ప్రింట్’కూ తేడా ఏమిటి అని రెండు రోజులు కొట్టుకుంటారు. మూడో రోజు పొద్దున్నే పైథాన్‌కు భవిష్యత్తు లేదని తెలుసుకోండి. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఆ మాట అనే ఉంటారు, వెతకండి. దొరకగానే జావాకు మారండి.

జావాలో క్లాసులు, ఆబ్జెక్టులు అడ్డం రాగానే జావాస్క్రిప్టు. దాన్ని 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేశాడు. తయారీకే పది రోజులు పట్టిన సరుకును నేర్చుకోవడానికి వారం చాలునని ఇంట్లో ప్రకటించండి. వారంలో రాకపోతే లోపం భాషదేనని తేలిపోతుంది. అప్పుడు సీకి రండి. అది 1972 నాటిది, పెద్దవాళ్ల ఆశీర్వాదం ఉన్నది. పాయింటర్ల దాకా వెళ్లి, దండం పెట్టి, ‘బేసిక్స్ గట్టిగుండాలె’ అంటూ మళ్లీ పైథాన్‌కు వచ్చేయండి.

ఈ ప్రదక్షిణలో ఒక సుఖముంది. 1978లో కెర్నిగన్, రిచీ రాసిన సీ పుస్తకం పుణ్యమా అని, ఏ భాషలో అడుగుపెట్టినా మొదటి పాఠం ‘హలో వరల్డ్’. అది ఎప్పుడూ వస్తుంది. మొదటి రోజు ఎప్పుడూ హాయిగానే ఉంటుంది. నెమ్మదితనం మొదలయ్యేది ఆ తర్వాత. కాబట్టి జీవితమంతా మొదటి రోజులోనే ఉండిపోయే ఏర్పాటు చేసుకోండి. లూపు ఏ భాషలోనైనా లూపే, ఒకదాంట్లో గట్టిగా వస్తే రెండోది సగం వచ్చినట్టే అనే మాట మీ చెవిన పడితే ఆ చెప్పినవాడి నంబరు బ్లాక్ చేయండి.

2. చూడండి, చెయ్యకండి

వీడియో పెట్టండి. వేగం రెండింతలు చేయండి. కీబోర్డు మీద సర్వపిండి ప్లేటు పెట్టండి, అప్పుడు చెయ్యి పొరపాటున కూడా కీల మీద పడదు. చెప్పేవాడు టకటకా టైపు చేస్తుంటే మీరు తలూపండి. అన్నీ అర్థమవుతుంటాయి. ఎందుకంటే అర్థం చేసుకుంటున్నది ఆయన. నలభై గంటల కోర్సును నాలుగు రోజుల్లో పూర్తిచేసి, ఆ రాత్రి ఖాళీ ఫైలు తెరిచి చూడండి. మొదటి లైను ఏం రాయాలో తోచదు. భయపడకండి, కోర్సు బాగాలేదు. ఇంకో కోర్సు పెట్టండి.

దీనికి శాస్త్రం అండ కూడా ఉంది. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు. మరికొందరిని ఒకసారి చదవనిచ్చి, పుస్తకం మూయించి, గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. ఇక్కడితో ఆపండి. ఆ వ్యాసంలో వారం తర్వాత పెట్టిన పరీక్ష సంగతి కూడా ఉంది. అందులో పుస్తకం మూసి కుస్తీపట్టినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. కానీ వారం తర్వాతి సంగతి మనకెందుకు? మీ బాపు అడిగేది ఇవ్వాళ సాయంత్రం.

వీడియో ఎంచుకునేటప్పుడు పాతది చూసి ఎంచుకోండి. పైథాన్ 2కు 2020 జనవరి 1తో కాలం చెల్లింది. కనుక 2012 నాటి పైథాన్ 2 పాఠం శ్రేష్ఠం. అందులో ప్రింట్ పక్కన బ్రాకెట్లు ఉండవు. మీ లాప్‌టాప్‌లో ఉన్న పైథాన్ 3 బ్రాకెట్లు లేనిదే ఒప్పుకోదు. మొదటి లైనులోనే ఎర్రర్. ఆ రోజు చదువు అక్కడికి సరి.

3. ఎర్రర్ మెసేజీని చదవకండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, కాస్త నిదానంగా చెబుతాను.

పైథాన్‌లో తప్పు జరిగితే ఎర్ర అక్షరాల గుంపు ఒకటి పడుతుంది. దాని చివరి లైనులో ఏం తప్పో, దాని పైననే ఏ ఫైలులో ఎన్నో లైనో రాసి ఉంటుంది. అంటే జవాబు అడుగునే ఉంటుంది. అందుకని అటు చూడకండి. ఎరుపు కనపడగానే కళ్లు మూసుకొని స్క్రీన్ పైకి జరిపేయండి. చదవడం ఒకసారి అలవాటైతే, నాలుగో లైనులో స్పేస్ తక్కువైందని, ఆరో లైనులో పేరు స్పెల్లింగు తప్పిందని మీకే తెలిసిపోతూ ఉంటుంది. ఆ దారి ఉద్యోగం దాకా పోతుంది.

ఎర్రర్ రాకుండా జవాబు మాత్రం తప్పొచ్చే సందర్భాలు ఇంకా రుచికరం. ఒకటి చూద్దాం. నాలుగు సబ్జెక్టుల మార్కులు: 62, 71, 55, 80. సగటు కావాలి. మార్కుల లిస్టు పెట్టారు. ఫర్ లూపు రాశారు. లూపు లోపల మొదటి లైను: మొత్తం సున్నా. రెండో లైను: మొత్తానికి ఈ మార్కు కలుపు. లూపు అయ్యాక మొత్తాన్ని 4తో భాగించు. రన్ కొట్టారు. 20 వచ్చింది. ఏ సబ్జెక్టులోనూ యాభై దిగని పిల్లవాడి సగటు ఇరవై. రావలసింది 67.

తెలివితక్కువవాడు ఇక్కడ ఏం చేస్తాడంటే, లూపు లోపల ఒక ప్రింట్ పెట్టి, తిరిగిన ప్రతిసారీ ‘మొత్తం’ ఎంతుందో చూస్తాడు. 62, 71, 55, 80 అని వరసగా పడుతుంది. కలవాల్సింది కలవడం లేదు, ప్రతిసారీ సున్నా నుంచే మొదలవుతోంది అని రెండు నిమిషాల్లో కనిపెడతాడు. ‘మొత్తం సున్నా’ లైనును లూపు పైకి జరుపుతాడు. 67 పడుతుంది. అంతే, అయిపోయింది. సాయంత్రమంతా సాగాల్సిన కథను రెండు నిమిషాల్లో ముగించుకుని కూర్చుంటాడు, పాపం.

మీరు ఇలా చేయండి. ముందు పైథాన్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. 20 వస్తుంది. ఎడిటర్ థీమ్ నలుపు నుంచి ముదురు నీలానికి మార్చండి. 20 వస్తుంది. అక్షరాల సైజు మార్చండి. రీస్టార్ట్ చేయండి. అదే ఇరవై. ఇప్పుడు ర్యామ్ చాలడం లేదని నిర్ధారించుకోండి. నాలుగు అంకెలు కూడాలంటే పదహారు జీబీ కావాలని బాపుకు చెప్పండి. ఆయనకు లెక్కలు తెలుసు గానీ జీబీలు తెలియవు. ఆడలేక మద్దెల ఓడు అన్నారని మనవాళ్లు ఎగతాళి చేస్తారు. ఆ మద్దెలను రిపేరుకు ఇస్తే ఎన్ని రోజులు సెలవు దొరుకుతుందో ఎవరూ లెక్కపెట్టలేదు.

చివరగా ఫోన్‌తో స్క్రీన్‌ను ఫొటో తీయండి. స్క్రీన్‌షాట్ వద్దు. ఫొటోనే కావాలి, కాస్త వంకరగా, ట్యూబ్‌లైటు మెరుపు సరిగ్గా ఆ ‘మొత్తం సున్నా’ లైను మీద పడేట్టు. వాట్సాప్ గ్రూపులో ‘అన్నా, వస్తలేదు’ అని పెట్టండి. ఏం రావాలో, ఏం వస్తోందో చెప్పకండి. ఎవరైనా ‘లూపు లోపల ఏం రాసినవ్?’ అని అడిగితే రెండు రోజుల దాకా జవాబివ్వకండి.

4. అలసటను పెంచి పోషించండి

తల అలిసిపోవడం మీకు దొరికిన పెద్ద ఆస్తి. దాన్ని విశ్రాంతి పేరుతో తగ్గించుకోకండి.

ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ కుర్రాడు 1980ల చివర్లో చదువు సాగక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్ ఒకటి ముందు పెట్టుకున్నాడు. ఇరవై అయిదు నిమిషాలు ఒకే పని, ఐదు నిమిషాలు విరామం. దాన్నే పొమోడోరో పద్ధతి అంటున్నారు. మన వాతావరణానికి తగ్గట్టు దీన్ని తిరగేసుకోవాలి. ఐదు నిమిషాలు పని, ఇరవై అయిదు నిమిషాలు రీల్స్. విరామంలో లేచి నీళ్లు తాగడం, కిటికీలోంచి చెట్టును చూడడం లాంటివి చేస్తే తల తేలికపడుతుంది, జాగ్రత్త. కూర్చున్న కుర్చీలోంచి కదలకుండా, అదే మెడ వంపుతో, పెద్ద తెర నుంచి చిన్న తెరకు మారండి. ఇరవై అయిదు నిమిషాలయ్యేసరికి మొదటికంటే ఎక్కువ అలిసిపోతారు. దీన్నే ‘రిఫ్రెష్ అయిన’ అనాలి.

రాత్రి మూడింటి దాకా మేలుకోండి. పగలు నేర్చుకున్నదాన్ని మెదడు నిద్రలో గట్టిపరుచుకుంటుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. మీ అనుమతి లేకుండా రాత్రిపూట జరిగే ఈ పనిని ఆపాలంటే మెలకువగా ఉండడమొక్కటే దారి. పైగా రెండింటికి వాట్సాప్ స్టేటస్ పెట్టొచ్చు: లాప్‌టాప్, పక్కన కాఫీ కప్పు, మీద ఒక ఇంగ్లిష్ సూక్తి. పొద్దున పదకొండింటికి లేచినా ఇంట్లో ఒక్కరూ నోరెత్తరు.

సాయంత్రం భద్రకాళి బండ్ మీదికి వెళ్లండి, కానీ ఒంటరిగా, ఫోన్ లేకుండా మాత్రం వెళ్లకండి. చెరువు గాలికి నడుస్తుంటే, ఏదీ ఆలోచించని క్షణంలో, ‘అరే, ఆ సున్నా లూపు బయటుండాలె గదా’ అని తట్టే ప్రమాదం ఉంది. నలుగురు దోస్తులను వెంటేసుకోండి. మక్క కంకులు కొనండి. ప్యాకేజీల గురించి మాట్లాడండి. ఎవరి ప్యాకేజీ ఎంతో తెలిసినకొద్దీ మీ నెమ్మదితనం మీకు రెండింతలు కనిపిస్తుంది. ఆ దిగులుతో ఇంకో మూడు రోజులు పుస్తకం తెరవబుద్ధి కాదు.

హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉంది, 1904 నుంచీ ఉంది. గ్రంథాలయాల్లో మాటలుండవు, ఫోన్లు మోగవు. అటు దిక్కు పోకండి.

5. ఎన్‌రోల్ అవ్వడమే చదువు

ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ అందరికీ తెలుసు. పాఠాలు ఉచితం, చేరడం ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకుంటేనే ఫీజు. అంటే మన పద్ధతిలో పైసా ఖర్చు లేదు. ఒక్క సెమిస్టర్లో ఆరు కోర్సులకు చేరిపోండి. చేరిన ప్రతిసారీ మెయిల్ వస్తుంది, అభినందిస్తారు. ఆ ఆనందం సర్టిఫికెట్ ఆనందానికి ఏమీ తీసిపోదు.

అక్కడ ఒక మంచి నిబంధన ఉంది. పన్నెండు వారాల కోర్సులో వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్లలో బాగా చేసిన ఎనిమిదింటినే లెక్కలోకి తీసుకుంటారు. పన్నెండులో నాలుగు పోయినా ఫర్వాలేదన్నమాట. ఆ నాలుగూ మొదటి నాలుగే కానివ్వండి. తేలికైన పాఠాలు ఎట్లాగూ మొదట్లోనే ఉంటాయి, వాటితో మనకేం పని? అయిదో వారం హుషారుగా కూర్చోండి. అయిదో పాఠం మొదటి నాలుగింటి మీద నిలబడి ఉంటుంది గనుక ఒక్క ముక్కా అర్థం కాదు. ‘సారు బాగ చెప్తలేడు’ అని రాసుకోండి. వచ్చే సెమిస్టర్లో మళ్లీ చేరండి.

6. ఊరిని నిందించండి, కానీ కొత్తగా

‘మన ఊర్లె ఏమున్నదన్నా, అన్నీ హైదరాబాద్‌లనే’ అనే మాట ఒకప్పుడు ఎదురులేని అస్త్రం. దానికి 2020 జనవరిలో కొంచెం తుప్పు పట్టింది. ఆ నెలలో మడికొండ ఐటీ పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు ప్రారంభమయ్యాయి. కాబట్టి మాట మార్చండి: ‘ఉన్నయ్ గని, మనలాంటోళ్లను తీసుకుంటరా?’ దీనికి జవాబు లేదు. దరఖాస్తు పెడితేనే తెలుస్తుంది, మీరు పెట్టరు.

ఎన్ఐటీ ఎదురుగా ఉండడం మీ అదృష్టం. 1959 అక్టోబర్‌లో నెహ్రూ పునాదిరాయి వేసినప్పుడది ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల. 2002లో ఎన్ఐటీ అయింది. పెద్దవాళ్లు ఇప్పటికీ ఆర్ఈసీ అనే అంటారు. దాన్ని రెండు విధాలుగా వాడుకోవచ్చు. ఒకటి, గేటు ముందు ఫొటో దిగి, కింద ఏమీ రాయకుండా పెట్టడం. చూసేవాళ్లు ఏమనుకుంటారో అది వాళ్లిష్టం. రెండు, ‘ఆర్ఈసీల చదివినోళ్లకే వస్తది’ అని నిట్టూర్చడం. లోపలి పిల్లవాడు కూడా ఫంక్షన్ల దగ్గర రెండు రోజులు ఆగాడా అని మాత్రం కనుక్కోకండి. ఆగాడని తెలిస్తే మీ నిట్టూర్పుకు విలువ పడిపోతుంది.

7. అమీర్‌పేటను అట్టిపెట్టుకోండి

సొంత చదువు సాగడం లేదని అందరికీ అర్థమైన రోజున బ్రహ్మాస్త్రం తీయండి: ‘అమీర్‌పేటకు పోతే మూడు నెలల్ల అయిపోతది.’ కాజీపేటలో రైలెక్కితే రెండు, రెండున్నర గంటల్లో సికింద్రాబాద్. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ కోర్సుల పేర్లే. డెమో క్లాసులు ఉచితం కనుక అన్నీ వినండి. డెమో అంటే మొదటి రోజే, మొదటి రోజు హాయిగా ఉంటుందని ముందే చెప్పాను కదా. ఫీజు కట్టాల్సిన రోజు రాగానే జిరాక్స్ షాపులో ఎవరిదో నోట్సు స్పైరల్ బైండింగ్ చేయించుకొని ఇంటికొచ్చేయండి. కట్ట లావుగా ఉండాలి. దేవుడి పటాల పక్కన పెట్టండి.

8. టైమ్ టేబుల్

రంగు పెన్నులతో వేయండి. రోజుకు పద్నాలుగు గంటలకు తగ్గకండి. మూడు రంగులు తప్పనిసరి. రోజుకు ఒక గంట అని రాసుకుంటే చెయ్యాల్సి వస్తుంది, పద్నాలుగు రాసుకుంటే మొదటి రోజే చెడిపోయి విముక్తి కలుగుతుంది. ఎప్పుడు మొదలుపెట్టినా సోమవారమే. ఆ సోమవారం బతుకమ్మకు ముందో, మేనమామ కూతురి పెళ్లికి ముందో పడితే ఆపై సోమవారం. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మేడారం ఉండనే ఉంది. అమ్మవార్ల ముందు పైథాన్ ఎంత?

9. చాట్‌బాట్‌ను అడగండి, ఎందుకని మాత్రం అడగకండి

ఇప్పుడు ప్రశ్న పెడితే చాలు, ప్రోగ్రాం మొత్తం రాసిచ్చే యంత్రాలొచ్చాయి. కాపీ, పేస్ట్, రన్. ‘ఇది ఎందుకు పనిచేస్తున్నది? ఒక్కో లైను విడమర్చి చెప్పు, నాకొక చిన్న లెక్క ఇచ్చి నేను చేసింది దిద్దు’ అని అడిగితే అదే యంత్రం ఓపికగా పంతులు పనిచేస్తుంది. ఆ పని దాని చేత చేయించకండి. ప్రోగ్రాం తీసుకొని వచ్చేయండి. ఏదైనా చిన్న మార్పు కావలసి వస్తే మొత్తం మళ్లీ రాయించండి. నెల తిరిగేసరికి మీ ఫోల్డరులో పెద్ద ప్రాజెక్టులు ఉంటాయి, మీకు వాటితో ముఖపరిచయం కూడా ఉండదు.

ఇదే యంత్రం రెండోవైపు ఇంకా గొప్ప సాయం చేస్తుంది. ‘ఏఐ వచ్చినంక కోడింగ్ ఎవడు నేర్చుకుంటడు?’ అనే వాక్యం. దీన్ని లాప్‌టాప్ మీద అంటించుకోండి. నేర్చుకోకపోవడానికి మన పెద్దలు ఎన్ని సాకులు చెప్పారో గానీ, బద్ధకాన్ని దూరదృష్టిగా మార్చిన సాకు ఇదొక్కటే.

10. ఇంట్లో ఏం చెప్పాలి

తయారుగా ఉండాలి. నమూనా సంభాషణ ఇస్తున్నాను, బట్టీ పట్టండి.

‘ఏమాయె బిడ్డా, ఎంతదాంక వచ్చింది?’

‘నడుస్తున్నది బాపు. ఫ్రంటెండ్ అయిపోయింది. బ్యాకెండ్ నడుస్తున్నది.’

‘అయిపోతే ఏమైతది?’

‘ఫుల్ స్టాక్ అయితది బాపు.’

‘మంచిది.’

ఇంతటితో ఆరు నెలలు గడుస్తుంది. డల్లాస్‌లో ఉన్న చిన్నాయన కొడుకు వీడియో కాల్ చేస్తే మాత్రం జాగ్రత్త. ఆయన ‘స్క్రీన్ షేర్ చెయ్ తమ్మీ, ఏం రాసినవో చూస్త’ అంటాడు. ఆ క్షణంలో నెట్ పోవాలి. వాడకట్టులో కరెంటు పోయిందని చెప్పేటప్పుడు వెనకాల ఫ్యాను తిరుగుతూ ఉండకుండా చూసుకోండి. చాలామంది ఇక్కడే దొరికిపోతారు.

ఇంకా గట్టిగా నిలదీస్తే పీటర్ నార్విగ్ పేరు తీయండి. గూగుల్‌లో పరిశోధన విభాగానికి అధిపతిగా చేసిన మనిషి, ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకోవడానికి పదేళ్లు పడుతుందని ఒక వ్యాసమే రాశాడు. ఇరవై నాలుగు గంటల్లో, కొద్ది రోజుల్లో నేర్పిస్తామనే పుస్తకాలను చూసి విసిగి రాసిన వ్యాసమది. ఆ పదేళ్లూ ప్రోగ్రాములు రాస్తూ ఉండాలని, ఇతరుల ప్రోగ్రాములు చదవాలని, తోటివాళ్లతో కలిసి పనిచెయ్యాలని కూడా అందులో ఉంది. ఆ భాగం ఇంట్లో చదివి వినిపించకండి. ‘పదేండ్లు పడ్తదట బాపు, పెద్దాయనే చెప్పిండు’ అనండి. ఆ పదేళ్లూ మీవే.

11. ఆ చెల్లెకు దూరంగా ఉండండి

ప్రతి వాడకట్టులో ఒక చెల్లె ఉంటుంది. గిర్మాజీపేటలో ఉండొచ్చు, బాలసముద్రంలో ఉండొచ్చు. ఆమె దగ్గర పాత లాప్‌టాప్, దాని బ్యాటరీ నిలవదు. ఒక్క భాష పట్టుకుని వేలాడుతుంది. రోజుకు గంట. వీడియో మధ్యలో ఆపి, తనంతట తాను టైపు చేసి, తప్పొస్తే చివరి లైను చదువుతుంది. ఒక నోటుబుక్కులో ఏ తప్పు ఎందుకొచ్చిందో ఒక్క వాక్యం రాసుకుంటుంది. తల పట్టేస్తే మూసేసి, అమ్మతో కూరగాయలు తరుగుతుంది. పదింటికి పడుకుంటుంది. మొదట్లో మీకంటే చాలా నెమ్మది. మీరు ఆరు కోర్సులు ముగించేనాటికి ఆమె ఇంకా లిస్టుల దగ్గరే ఉంటుంది. ఆమె మోసమంతా అక్కడే ఉంది, ఎవరికీ అనుమానం రాదు. ఒకరోజు చూస్తే వాళ్ల బాపు కిరాణా కొట్టు ఉద్దెర ఖాతా మొత్తం ఆమె రాసిన ప్రోగ్రాంలో కనపడుతుంది. ఎవరు ఎంత బాకీ, ఎన్ని రోజుల నుంచి, పేరు కొడితే చాలు.

అలాంటివాళ్లతో మాటలు పెట్టుకోకండి. తప్పనిసరై ఎప్పుడైనా మీ లాప్‌టాప్ ఆమె కంటపడి, ఆ సగటు ప్రోగ్రాం చూసి, ‘అన్నా, మొత్తం సున్నాను లూపు పైన పెట్టు’ అన్నదనుకోండి, ‘నాకు తెల్సు, ఇద్దరు ముగ్గురిని టెస్ట్ చేద్దామని అట్ల పెట్టిన’ అనండి. ఆమె వెళ్లాక ఆ లైనును ఎక్కడుందో అక్కడే ఉంచి, ఆ రాత్రికే జావా డౌన్‌లోడ్ పెట్టేయండి.